పేట కార్డులో గొంగడి మనిషి

నాకు పాత ఫోటోల పిచ్చి. పిచ్చి అన్నది మా ఆవిడ మాట. నేనైతే ఇన్నాళ్లూ దాన్ని పరిశోధన అనే చెప్పుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా రోడ్ల ఆఫీసులో నక్షలు గీసినవాడిని. రిటైరై మిర్యాలగూడలో స్థిరపడ్డాక చేతికి పని లేకుండా పోయింది గానీ కంటికి పాత అలవాటు పోలేదు. ఏ ఊరి ఫోటో చూసినా నాకు మనుషుల కంటే ముందు కరెంటు స్తంభాలు, మురుగు పారే మోరీలు, అరుగులు, రోడ్డు అంచులు కనిపిస్తాయి. అవి ఎప్పుడొచ్చాయో ఎప్పుడు పోయాయో తెలిస్తే ఫోటో ఎప్పటిదో తేలిపోతుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లం కొందరం ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఎవరింట్లో పాత ఫోటో దొరికినా అందులో పెడతారు. "సార్, ఇదెప్పటిదంటారు?" అని నన్ను అడుగుతారు. నేను రెండు రోజులు గడువు తీసుకుని, నంబర్లు వేసి ఆధారాలు రాసి తేల్చేస్తాను. "సారు చెప్పిండంటే ఖతం, ఇగ మాట్లాడేది లేదు" అని ఒకసారి ఎవరో రాశారు. ఆ ఒక్క వాక్యాన్ని ఎన్నిసార్లు తెరిచి చదువుకున్నానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ కార్డు నాకు సూర్యాపేటలో దొరికింది. నేను పుట్టి పెరిగిన ఊరు. మేం పేట అనే అంటాం. దగ్గరివాళ్ల పెళ్లికి వెళ్లి, భోజనాలకు ఇంకా టైముందంటే పాత పేపర్ల దుకాణంలో దూరాను. చిరిగిన పంచాంగాల కట్ట మధ్యలో ఉంది. పోస్టుకార్డు సైజు నలుపు తెలుపు ఫోటో. వెనకవైపు ఏదో స్టూడియో ముద్ర సగం చెరిగిపోయింది. ముందువైపు కింది మూలన తెల్లటి చేతిరాతతో "సూర్యాపేట సెంటర్" అని ఉంది. పెళ్లి భోజనం ఏం తిన్నానో గుర్తులేదు. జేబులో కార్డు ఉందా లేదా అని తడుముకుంటూనే ఉన్నాను.

అందులో నడినెత్తిన ఎండ. కుడివైపు ఒక బట్టల దుకాణం, దాని మీద పెద్ద బోర్డు, అక్షరాలు నిన్న రాసినంత తేటగా ఉన్నాయి. దుకాణం మెట్ల మీద తెల్లబట్టల పెద్దమనిషి ఒకాయన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఎడమవైపు ఒక బస్సు ముందుభాగం. దుకాణానికి కొంచెం ఇవతల, రోడ్డు మీద రెండు రిక్షాలు, నలుగురైదుగురు మనుషులు గుంపుగా ఉన్నారు. వాళ్లలో ఒకడు గొర్రెలు కాసే మనిషి. గొంగడి మడిచి ఎడమ భుజం మీద వేసుకున్నాడు. కర్ర చంక కింద ఆనించి, ఒక పాదాన్ని రెండో మోకాలికి ఆనించి, ఒంటికాలి మీద నిలబడ్డాడు. మెడ చుట్టూ గొర్రెపిల్ల ఉంది.

మా ఆవిడది పెద్దవూర. పొలాల్లో తిరిగి పెరిగిన మనిషి. నేను భూతద్దం పెట్టుకుని కూర్చుంటే చాయ్ పెట్టి, నా భుజం మీంచి కార్డు చూసి, "గింత ఎండల నడిరోడ్డు మీద గుంపుగ నిలవడ్డరేంది గీళ్లు? గా అరుగు మీదికి పోతె నీడుండె గద" అంది.

"నీళ్లు సల్లిండ్రు. కింద నల్లగ తడి కనవడ్తలేదా? సల్లగుంటదని నిలవడ్డరు" అన్నాను. తనకేం తెలుసు అన్నట్టే అన్నాను. నిజంగానే ఆ మనుషుల కాళ్ల కింద రోడ్డు నల్లగా ఉంది. నేను అది తడి అని నా కాగితం మీద నాలుగో నంబరు వేసి రాసుకున్నాను కూడా.

ఆ కార్డు కాలం తేల్చడం నాకు పెద్ద కష్టం కాలేదు. ఒకప్పుడు ఆ దుకాణం ఎదురుగా రోడ్డు పక్కన పెద్ద చింతచెట్టు ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. అది నేను పుట్టిన ఏడు. "చెట్టు నరుకుతుంటె ఆ సప్పుడుకు ఉలిక్కిపడి ఏడ్సెటోనివి" అని మా అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. తర్వాత నేను ఉద్యోగంలో చేరాక ఆ వెడల్పు పని పాత నక్ష నా చేతికే వచ్చింది. దుకాణం ఎదుట ఒక గుండ్రటి గీత, పక్కన "చెట్టు, తొలగించవలెను" అని ఉంది. కార్డులో చెట్టు లేదు. అంటే కార్డు నా కంటే చిన్నది. ఇంతకంటే గట్టి ఆధారం ఏం కావాలి? కార్డును ఫోన్తో ఫోటో తీసి, ఆధారాలు రాసే ముందు ఊరించడానికి, "గుర్తుపట్టండి చూద్దాం" అని గ్రూపులో పెట్టాను.

మొదట హైదరాబాదు నుంచి ఒకాయన రాశాడు. మెట్ల మీద ఉన్న తెల్లబట్టల పెద్దమనిషి వాళ్ల తాతట. ఆ దుకాణం వాళ్లదేనట. "అభినందనలు. మీ తాతగారి ఠీవి చూస్తే తెలిసిపోతోంది" అని వెంటనే జవాబిచ్చాను. ఆధారం అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. ఈ సంగతి ఇక్కడ ఎందుకు రాస్తున్నానో తర్వాత చెబుతాను.

మర్నాడు కోదాడ నుంచి ఒక అమ్మాయి రాసింది. అక్కడ ప్రైవేటు బడిలో టీచరు. "సార్, గొంగడి వేసుకున్నాయన మా అమ్మమ్మ వాళ్ల నాన్నగారని అమ్మమ్మ అంటోంది. ఆయన ఫోటో మా దగ్గర ఒక్కటి కూడా లేదు. అమ్మమ్మ మాటలు రికార్డు చేసి పంపుతున్నాను, వినండి సార్" అని ఉంది. కింద రెండు నిమిషాల పైచిలుకు గొంతు రికార్డు.

పెట్టి విన్నాను. డెబ్బై దాటిన గొంతు. "దండాలు సారూ. మాది పేట పక్కన ఊరు. నన్ను మునగాల దిక్కు ఇచ్చిండ్రు. ఇప్పుడు మనవరాలి తాన కోదాడల ఉంటున్న. గాయన మా నాయన సారూ. మొఖం నాకు యాదికి లేదు, అబద్ధమెందుకు, నాకు తొమ్మిదేండ్లప్పుడు పాము కరిచి సచ్చిపోయిండు. గని గా నిలవడుడు మా నాయనదే. గొంగడి ఎడమ బుజం మీదనే ఏసేటోడు. ఆయన సచ్చిన మరుసటేడు పేటల చింతచెట్టు కొడుతున్నరంటె మా అవ్వ నన్ను తోల్కపోయింది, చింతాకు తెచ్చుకుందామని..."

అక్కడ ఆపేశాను. చింతచెట్టు మాట వినగానే నాకు కావలసింది దొరికింది. ఆమె నాన్న పోయిన మరుసటి ఏడు చెట్టు కొట్టారు. కార్డు చెట్టు కొట్టాక తీసింది. కాబట్టి ఆయన కాదు. ఆమె నోటితోనే తేలిపోయింది. మిగతాది వినాలన్న ఓపిక నాకు లేకపోయింది.

అలవాటు ప్రకారం రెండు రోజులు గడువు తీసుకుని నేను రాసిన జవాబు ఇప్పటికీ ఫోన్లో ఉంది. ఆధారాలు వరసగా రాసి, చివర ఇలా ముగించాను: "పేట అంగడిలో గొంగడి వేసుకున్నవాళ్లంతా మీ తాతలైతే ఎలాగమ్మా? చరిత్ర ఆధారాలు అడుగుతుంది, అభిమానాన్ని కాదు."

దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు, నవ్వు బొమ్మలు వచ్చాయి. దుకాణం మనవడు కూడా నవ్వు బొమ్మ పెట్టాడు. కాసేపటికి ఆ అమ్మాయి గ్రూపు నుంచి వెళ్లిపోయినట్టు సన్నటి అక్షరాల్లో ఒక వరస కనిపించింది. ఈకాలం పిల్లలకు ఓర్పు లేదని మా ఆవిడతో అన్నాను. అది పెత్తరమాసకు, అంటే పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే అమావాస్యకు, వారం ముందు. ఆ సంగతి అప్పుడు నాకు పట్టలేదు.

తర్వాత నేను ఆ కార్డును మర్చిపోలేదు గానీ ఆ అమ్మాయిని మర్చిపోయాను. కార్డుకు ప్లాస్టిక్ తొడుగు వేయించాను. వచ్చిన ప్రతివాళ్లకూ చూపించి, చెట్టు సంగతి చెప్పి, ఒక వృద్ధురాలి మాటతోనే ఆమె పొరపాటును ఎలా పట్టుకున్నానో వివరించేవాణ్ణి. దాదాపు ఏడాది పాటు అదే కథ. విన్నవాళ్లు "భలే" అనేవాళ్లు. ఒక్క మా ఆవిడ మాత్రం కథ మొదలు కాగానే వంటింట్లోకి వెళ్లిపోయేది.

మొన్నటి శ్రావణంలో పెన్షన్ కాగితాలకు ఫోటో కావలసి వచ్చి, మిర్యాలగూడ బజారులో ఒక పాత స్టూడియోకు వెళ్లాను. కొడుకు ఫోటోలు తీస్తాడు. ఎనభై దాటిన తండ్రి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను పలకరిస్తుంటాడు. నా ఫోటో తయారయ్యేదాకా ఊరికే ఉండడం ఎందుకని సంచీలోంచి కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత వెనక్కి తిప్పి, చెరిగిన ముద్రను బొటనవేలితో తుడిచాడు.

"ఇది నా చేతి పనే సారూ. ఏడ దొరికింది మీకు?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నేను పద్దెనిమిదేండ్లోణ్ణి అప్పుడు. పేటల ఉస్తాద్ తాన పని నేర్సుకుంటున్న. ఫోటో ఉస్తాద్ తీసిండు, కుంచె పని నాది. బట్టల సేటు చేపిచ్చిండు, దీపావళికి గిరాకీలకు పంచెటందుకు."

"రోడ్డు వెడల్పు చేసినంక తీసిండ్రు గద?" అన్నాను. అలవాటు కొద్దీ నా కథ మొదలుపెట్టబోయాను.

"కాదు కాదు. చెట్టున్నప్పుడే తీసినం."

"చెట్టేది మరి?"

"చెట్టు నేనే కొట్టేసిన, కుంచెతోని" అన్నాడు ముసలాయన. ఇప్పుడు నవ్వాడు. "కొమ్మలు బోర్డుకు అడ్డమొచ్చినయి. సేటు ఫోటో సూసి, పైసలు పెట్టి చేపిస్తున్నది నా బోర్డు కోసమా, చింతచెట్టు కోసమా అని లొల్లి పెట్టిండు. పెద్ద ప్రింటు తీసినం. దాని మీద రంగేసి చెట్టు చెరిపిన. బోర్డు అక్షరాలు మల్ల రాసిన. దాన్నే ఇంకోసారి ఫోటో తీసి కార్డులేసినం. గప్పుడు గంతే సారూ. అందరి పెండ్లి ఫోటోలు గట్లనే, ఉన్నయి తీసుడు, లేనియి పెట్టుడు."

ఆయన గోరుతో కార్డు మీద ఒక చోట చూపించాడు. రిక్షాల కింద, మనుషుల కాళ్ల కింద, నేను నాలుగో నంబరు వేసి తడి అని రాసిన నల్లటి మరక దగ్గర.

"గిది మర్సిపోయిన. చెట్టు తీసేసిన గని నీడ తియ్యలే. ఉస్తాద్ నెత్తి మీద ఒకటేసిండు. సేటు మాత్రం సూడలే. ఆయన బోర్డే సూసుకుండు. కింద ఎవ్వలు సూస్తరు అనుకున్నం."

ఎండలో గుంపుగా నిలబడ్డారేమిటి అని మా ఆవిడ అడిగింది. వాళ్లు నీడలో నిలబడ్డారు. చెట్టు కింద నిలబడ్డారు. నడినెత్తి ఎండలో రిక్షావాళ్లు, గొర్రెలాయన ఎక్కడ నిలబడతారో పెద్దవూరలో పుట్టిన మనిషికి తెలుసు. ముప్పై ఏళ్లు రోడ్లు గీసిన నాకు తెలియలేదు.

ఫోటో తీసుకోవడం మర్చిపోయి బయటికొచ్చాను. ఆ కొడుకు వెనకాలే వచ్చి కవరు చేతిలో పెట్టాడు.

ఇంటికి వచ్చి ఫోన్ తెరిచి, పాత మెసేజులు వెతికి, ఆ గొంతు రికార్డును మొదటి నుంచి పెట్టాను. మా ఆవిడ బియ్యం ఏరుతూ పక్కనే ఉంది. చింతాకు దాకా నాకు తెలిసిందే. తర్వాతది మొదటిసారి విన్నాను.

"...అప్పటికి మా నాయన లేడు. నేను ఆ చెట్టు తాన ఏడ్సిన సారూ. ఎందుకంటె మా నాయన ఆ చెట్టు కిందనే నన్ను ఫోటో తీసిండ్రు బిడ్డా అని ఇంటికొచ్చి చెప్పిండు. మూడు కాళ్ల పెట్టె పెట్టి, కదలకు అన్నరంట. నేను కదలలే గని పిల్ల తలకాయ తిప్పింది అని నవ్విండు. ఆ ఫోటో ఎన్నడన్న కనవడ్తదని అరవై ఏండ్ల సంది సూస్తున్న. గొర్రెపిల్ల తలకాయ సూడు సారూ, సక్కగ రాలేదు. గది మా నాయననే."

గొర్రెపిల్ల తల చక్కగా రాలేదు. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. ఆ చోట మసకగా ఉంటే అచ్చు దోషం అనుకున్నాను, దానికి నంబరు కూడా వేయలేదు. ఒక్క నిమిషం, ఇంకా ఒక్క నిమిషం ఓపిక పట్టి విని ఉంటే సరిపోయేది.

"చెట్టు కింద అని చెప్పనే చెప్పింది గద ఆమె" అంది మా ఆవిడ. మళ్లీ బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

ఆ రోజే వెళ్లి ఉంటే ఈ రాత ఇంకోలా ఉండేదేమో. నేను వెళ్లలేదు. మూడు వారాలు వెళ్లలేదు. మొదటి వారం, ముసలాయన మాటకు మాత్రం ఆధారమేది, ఎనభై దాటిన జ్ఞాపకం అని నాకు నేనే వాదన చెప్పుకున్నాను. రెండో వారం, ఏడాది అయింది, వాళ్లు మర్చిపోయే ఉంటారు, మళ్లీ కెలకడం ఎందుకు అనుకున్నాను. మూడో వారం వానలు అనుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే గ్రూపులో నా మాట పోతుందని భయపడ్డాను. ఒక ముసలావిడకు తండ్రి ఫోటో తిరిగి ఇవ్వడం కంటే నాకు నా మాట ఎక్కువైంది. ఇది రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

ఇంకొకటి కూడా రాయాలి. తెల్లబట్టల పెద్దమనిషిని తాత అని చెప్పినవాణ్ణి నేను ఒక్క ప్రశ్న అడగలేదు. గొంగడి మనిషిని నాన్న అని చెప్పినామెను చరిత్ర పాఠం చెప్పి పంపించాను. మాది భూములున్న ఇల్లు. గొర్రెలు కాసేవాళ్లు మా వాకిట్లో నిలబడి మాట్లాడడం చూస్తూ పెరిగాను. ఆ అలవాటు ఎక్కడికీ పోలేదు, నా భూతద్దం వెనకాలే కూర్చుని ఉంది. ఆ అమ్మాయి దుకాణం వాళ్ల పిల్ల అయి ఉంటే "మీ తాతలైతే ఎలాగమ్మా" అన్న మాట నా చేతికి వచ్చేది కాదు.

పెత్తరమాస ఇంకా నాలుగు రోజులుందనగా మా ఆవిడ నా చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. "పోయి సెప్పి రాండ్రి. పండుగలోపు పోకుంటె ఇగ పోకున్రి" అంది. పొద్దున్నే హుజూర్‌నగర్ మీదుగా కోదాడ బస్సెక్కాను. బస్సులో కూర్చుని గ్రూపులో రాశాను, కార్డు విషయంలో నేను చెప్పింది తప్పు, ఆ అమ్మమ్మ చెప్పింది నిజం అని. వెంటనే దండాల బొమ్మలు వచ్చాయి. "మీ నిజాయితీకి జోహార్లు సార్" అని ఒకాయన రాశాడు. దుకాణం మనవడు కూడా మెచ్చుకున్నాడు. ఫోన్ ఆపి సంచీలో పడేశాను.

ఆ అమ్మాయి నంబరు నా దగ్గర ఉంది కాబట్టి ముందే చెప్పాను వస్తున్నానని. తలుపు తీసి, "రండి సార్, కూర్చోండి" అంది. మర్యాదగానే అంది, మొహం చూడకుండా. మంచినీళ్లు తెచ్చిపెట్టి ఎదురుగా నిలబడింది. నేను చెప్పాల్సింది చెప్పాను. ముసలాయన, కుంచె, చెట్టు, నీడ, గొర్రెపిల్ల తల, అన్నీ. వింటున్నంతసేపూ ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉంది.

"మీరు ఆ రోజు వాయిస్ మొత్తం విన్నారా సార్?" అని అడిగింది.

"వినలేదమ్మా."

ఆమె తల ఊపింది. తెలుసు అన్నట్టు ఊపింది.

"మీకొకటి చెప్పాలి సార్. మా తాతయ్యకి, అంటే అమ్మమ్మ వాళ్ల నాన్నకి మగపిల్లలు లేరు. అమ్మమ్మ ఒక్కతే. అందుకని పెత్తరమాస నాడు ఆయన పేరు మీద బియ్యం ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. ఆడపిల్ల ఇవ్వకూడదని మావాళ్లు ఇన్నాళ్లూ ఇవ్వనివ్వలేదు. ఫోటో దొరికిందని అమ్మమ్మ పట్టుబట్టింది. ఫోటో ముందు పెట్టి నేనే ఇస్తాను, ఎవరేమన్నా సరే అంది. పెద్దది చేయించి ఫ్రేము కట్టించాను. కొత్త పంచె కూడా తెచ్చుకుంది. అంతలో మీ జవాబు వచ్చింది. మా మామయ్యలు చూశారు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడికి నాయన పేరు మీద బియ్యం ఇస్తావా, ఆయన ఆత్మ ఏమనుకుంటది అన్నారు. అమ్మమ్మ ఆ మాటకు భయపడింది సార్. ఫ్రేము గోడకి తిప్పి పెట్టేసింది. పంచె ఇంకా మడత విప్పలేదు."

చప్పట్ల బొమ్మలు కళ్లముందు కదిలాయి. తప్పు చేశానని మిర్యాలగూడలోనే తెలుసు. ఎంత తప్పో ఇక్కడికొచ్చాక తెలిసింది.

లోపలి గదిలోంచి కర్ర చప్పుడైంది. "ఎవలే వచ్చింది?" అంటూ ముసలమ్మ వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. గోడ తడుముకుంటూ నడుస్తోంది. మనవరాలు వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"మిర్యాలగూడ సార్ అమ్మమ్మా. ఫోటో సార్. ఆయన తాతయ్యేనంట. సారే తప్పు చెప్పారంట. చెప్పడానికి వచ్చారు."

ముసలమ్మ కుర్చీలో కూర్చుంది. నేను లేచి నిలబడి, "తప్పయిందమ్మా. నీ మాట మొత్తం వినలే. నువ్వు చెప్పిందే నిజం. చెట్టు కిందనే తీసిండ్రు" అన్నాను. ఆమె కాళ్లకు దండం పెట్టబోతే, చేత్తో గాలిలో వెతికి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"గట్ల చెయ్యకు బిడ్డా. సదువుకున్నోనివి." తర్వాత నవ్వింది. "నాకెరికనే మా నాయన అని. గని నువ్వు చెప్పినంక నాకే అనుమానమొచ్చింది సూడు. సదువుకున్నోల్లు చెప్తె మా సొంత నాయన మీద మాకే అనుమానమొస్తది."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది.

"ఈసారి బియ్యం ఇస్తాం సార్. మామయ్యలకి మీరే ఫోన్ చేసి చెప్పండి" అంది అమ్మాయి. చేస్తానన్నాను. తప్పకుండా చేస్తానని రెండుసార్లు అన్నాను. ఆమె లోపలికి వెళ్లి ఫ్రేము తెచ్చింది. బట్టతో తుడిచి అమ్మమ్మ ఒళ్లో పెట్టింది. ముసలమ్మ అద్దం మీద అరచేయి ఆనించి, మెల్లగా పైనుంచి కిందికి తడిమింది.

"ఉగాది సంది కండ్లు మసకైనయి సారూ. సుగరు. పెద్ద దవాఖానకు తోల్కపోయిండ్రు, లాభం లేదన్నరు. ఇప్పుడు పూర్తిగ చీకటే" అంది. "కిందటేడు కండ్లున్నయి. ఫోన్ల మొఖం గింజంతనే కనవడ్డది, పెద్దది ఫ్రేము కట్టిచ్చి తెచ్చిన్నాడే నీ జవాబొచ్చింది. గప్పుడు దీన్ని గోడకు తిప్పి పెట్టినం. పరాయి మొగోని మొఖం సూసుడెందుకని సూడలే."

మూడు వారాలు కాదు, నేను పోగొట్టింది. ఆమెకు చూపు మిగిలిన చివరి నెలలన్నీ పోగొట్టాను. ఫ్రేము ఆ ఇంట్లోనే ఉంది, కళ్లు ఆమెకే ఉన్నాయి, మధ్యలో నా జవాబు అడ్డం నిలబడింది.

"పోనీ తీయ్. ఒక్కటి చెప్పు సారూ" అంది ముసలమ్మ, నేనున్న వైపు మొహం తిప్పి. "నువ్వు భూతద్దం పెట్టి ఏడాది సూసినవంట గద. ఈ పిల్ల చెప్తది గని దీనికి వివరంగ చెప్పుడు రాదు. మా నాయన మొఖం ఎట్లున్నది?"

నేను నోరు తెరిచాను.

ఆ కార్డులో కరెంటు స్తంభం మీద పింగాణీ బుడిపెలు ఎన్నో చెప్పగలను. దుకాణానికి మెట్లెన్నో చెప్పగలను. మోరీ వెడల్పు అంగుళాలతో సహా చెప్పగలను. గొంగడి ఏ భుజం మీద ఉందో, ఏ కాలు ఎత్తి ఉందో కూడా చెప్పగలను. ఆ మొహం ఎలా ఉందో నాకు తెలియదు. గుండ్రటిదా, కోలదా, నవ్వుతున్నాడా, తలపాగా ఉందా, ఏదీ గుర్తుకు రాలేదు. ఏడాది పాటు పొద్దున్నా సాయంత్రం చూసిన కార్డులో ఆ మనిషి మొహం మీద నా భూతద్దం ఒక్కసారి కూడా ఆగలేదు.

సంచీలోంచి కార్డు తీశాను. తొందరలో భూతద్దం కిందపడింది. అమ్మాయి తీసి ఇచ్చింది. కిటికీ దగ్గరికి వెళ్లి కార్డును వెలుతురుకు పట్టాను. వెనక నుంచి ముసలమ్మ అడుగుతోంది.

"మీసాలున్నయా సారూ?"

"జర ఆగమ్మా" అన్నాను. "ఇప్పుడే సూస్తున్న."